దుబాసీ సంతకం

"ఒప్పేసుకుంది. ఇంకేం కావాలి మీకు?"

పొద్దున్నుంచి జానకిరామ్ ఈ మాట వినడం ఇది నాలుగోసారి. జంషెడ్‌పూర్ సాక్చిలో టీ పోసేవాడు మొదలుపెట్టాడు. తర్వాత కార్మిక సంఘం కమిటీ మెంబరొకాయన పనిగట్టుకుని ఫోన్ చేసి మరీ చెప్పాడు. స్టేషన్ గుమ్మంలో సెంట్రీ చెప్పాడు. ఇప్పుడు బల్లకి అవతల కుర్చీలో వెనక్కి వాలి ఇన్‌స్పెక్టర్ అమర్ చెబుతున్నాడు. మనుషులు మారుతున్నారు గానీ ముక్క మాత్రం మారడం లేదు. జానకిరామ్‌కి ఒళ్ళు మండిపోతోంది.

"దర్యాప్తు కావాలి సార్," అన్నాడు హిందీలో. "ఇక్కడ దొరుకుతుందని బయట బోర్డు చూసి లోపలికొచ్చాను."

పక్క కుర్చీలో ఉన్న లాయర్ మనోజ్ఞ బల్ల కింద అతని కాలు తొక్కింది. "అంకుల్, ప్లీజ్," అంది నోట్లోనే.

జానకిరామ్‌కి యాభై రెండేళ్ళు. ఫ్యాక్టరీ సెక్యూరిటీలో ఇరవై రెండేళ్ళు దొంగతనాల మీద విచారణలు చేసి, విసుగెత్తి వదిలేసి, సాక్చిలో మేడమీద గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. వచ్చేవన్నీ పెళ్ళికొడుకు తాగుతాడా, తిరుగుతాడా అన్న ఎంక్వయిరీలే. ఈ పొద్దున ఎనిమిదింటికి మాత్రం మనోజ్ఞ వచ్చి తలుపు తట్టింది. సర్కారు తరఫున ఉచితంగా వాదించే లాయరమ్మాయి. చేతిలో హత్య కేసు. ముద్దాయి పేరు సన్యాసమ్మ, వయసు యాభై ఎనిమిది, పని ఊడవడం.

జరిగింది ఇది. సిద్ధగోరాలో ఉత్తరాంధ్ర కార్మిక సంఘం భవనం ఉంది. ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా అక్కడ సంఘం ఎన్నికలు జరిగాయి. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి. ఎన్నికల అధికారిగా రిటైర్డ్ టీచర్ నాగేంద్రబాబుని పెట్టుకున్నారు. ఒకటిన్నరకి ఆయన కింద హాల్లో, అందరి ముందూ ఓట్ల పెట్టెకి గుడ్డ చుట్టి, లక్క పోసి సీలు వేశాడు. సోమవారం లెక్కపెడదామని చెప్పి, పెట్టెని మేడమీద గదిలోకి చేర్పించి, తానే కాపలా కూర్చున్నాడు. సాయంత్రం ఆరున్నరకి సన్యాసమ్మ కేకలు విని ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చేసరికి నాగేంద్రబాబు నేల మీద తల పగిలి పడి ఉన్నాడు. పక్కనే షట్టరు లాగే ఇనప కడ్డీ. రెండుకీ నాలుగుకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టర్ ఈ ఉదయమే తేల్చాడు.

పోలీసులు సన్యాసమ్మని పట్టుకెళ్ళారు. ఆవిడ ఒప్పేసుకుంది. అంతే కేసు!

"చదవండి," అంటూ అమర్ కాగితం ముందుకి తోశాడు.

హిందీలో రెండు పేజీలు. మధ్యాహ్నం రెండున్నరకి వెళ్ళాను. సరిగ్గా ఊడవలేదని మాస్టారు తిట్టాడు. కోపంలో కడ్డీతో కొట్టాను. పాపం చేశాను, నన్ను మాఫ్ చేయండి. కింద బొటనవేలి ముద్ర. దాని కింద తర్జుమా చేసిన మనిషి సంతకం, చక్కటి దస్తూరీలో: సుదీప్, ప్రధాన కార్యదర్శి.

"దీన్ని కోర్టు పట్టించుకోదని మీకు తెలుసు కదా?" అన్నాడు జానకిరామ్. "పోలీసు ముందు ఒప్పుకున్నది ఒప్పుకోలు కాదు."

"తెలుసు. అందుకే మూడు గంటలకి మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. అక్కడ ఇదే ముక్క చెప్తే అప్పుడు పక్కా."

"అరెస్టు ఎప్పుడు చేశారు?"

"ఈ ఉదయం ఆరున్నరకి."

"మరి నిన్న రాత్రి ఏడింటి నుంచీ ఆవిడ ఇక్కడేం చేస్తోంది? మీ గోడలకి సున్నం కొడుతోందా?"

"పూఛ్‌తాఛ్. ప్రశ్నలు అడిగాం."

"చీకటిపడ్డాక ఆడమనిషిని అరెస్టు చేయాలంటే మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. అది లేదు కాబట్టి తెల్లారాక టైమేశారు."

అమర్ మొహం ఎర్రబడింది. "చూడండి, పదమూడు కేసులున్నాయి నా నెత్తిన. మనుషులు ముగ్గురు. పై నుంచి అరగంటకో ఫోను. నేనేం ఆవిణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. పైగా తెలుగు రాదని తెలుగాయన్నే పిలిపించాను. అసలు నాకు దుబాసీ కూడా అక్కర్లేకపోయింది. నా చెవులతో విన్నాను. పాప్, పాప్ అంటూ గుండెలు బాదుకుంది. మాఫ్, మాఫ్ అంది. రాత్రంతా అదే! చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది."

సరిగ్గా అప్పుడే సుదీప్ లోపలికొచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెళ్ళో కంపెనీ కార్డు, మొహాన మర్యాద. తొమ్మిదేళ్ళుగా సంఘానికి అతనే కార్యదర్శి. నిన్నటి ఎన్నికల్లోనూ అతనే అభ్యర్థి. "నమస్తే జానకిరామ్ గారూ. మన మనిషే ఇలా చేసిందంటే తల ఎత్తుకోలేకపోతున్నాం," అన్నాడు దిగులుగా.

"నిన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"ఒకటిన్నరకి ఇంటికెళ్ళిపోయాను. ఏడింటికి ఫోనొచ్చేదాకా మంచం దిగలేదు. నాలుగు రోజులుగా నిద్ర లేదండీ."

జానకిరామ్ లేచాడు. "ముద్దాయితో మాట్లాడాలి."

"పది నిమిషాలు," అన్నాడు అమర్. "సుదీప్ గారు కూడా ఉంటారు. మీరు తెలుగులో ఏం గూడుపుఠాణీ చేస్తారో నాకు తెలియాలి కదా."

"మా ముద్దాయితో మేం మాట్లాడుకోవడానికి మీ మనిషి కాపలానా?"

"ఇష్టముంటే మాట్లాడండి, లేకపోతే మూడింటికి కోర్టులో కలుద్దాం."

మనోజ్ఞ ఫైలు తీసుకుని లేచింది. ఈ మనిషితో వాదన పెట్టుకుంటే ఉన్న పది నిమిషాలూ పోతాయి.

సన్యాసమ్మ వెనక గదిలో గోడకి జారగిలబడి ఉంది. జుట్టు రేగిపోయింది. కళ్ళు వాచిపోయాయి. జానకిరామ్ ఆవిడ ముందు కింద కూర్చున్నాడు. ఆవిణ్ణి చూస్తే తన అమ్మ గుర్తొచ్చింది. అమ్మది చీపురుపల్లి దగ్గర పల్లె. అక్కడ అక్కని అప్పా అంటారు.

"అప్పా, నేను నీ తరఫు మనిషిని. ఏటయిందో సెప్పు."

ఆవిడ తలెత్తింది. "ఏటి సెప్పమంటారు బాబూ? అంతా సెప్పీసినాను. రేతిరంతా సెప్తానే ఉన్నాను. ఈ బాబు రాయించినాడు."

"మాస్టారిని నువ్వు కొట్టావా?"

"అమ్మో! నానెందుకు కొడతాను బాబూ? దేవుడిలాంటోడు. నాకు ఓటెయ్యడం నేర్పినోడు. పాపం, సచ్చిపోనాడు. పాపం బాబూ, పాపం."

గుమ్మంలో నిలబడ్డ అమర్ వేలెత్తి చూపించాడు. "విన్నారా? మళ్ళీ అంటోంది, పాప్!"

జానకిరామ్‌కి నెత్తి కొట్టుకోవాలనిపించింది. "సార్, పాపం అంటే అయ్యో అని! బిచారా అని! చచ్చిపోయిన మనిషి మీద జాలి!"

"పాప్ ఏ భాషలోనైనా పాపే."

ఇతనితో తర్వాత చూద్దామని జానకిరామ్ ఆవిడ వైపు తిరిగాడు. "నువ్వు మేడ మీదకి ఎప్పుడెళ్ళావప్పా?"

"మాపటేల ఎల్లినాను బాబూ. అదే సెప్పినాను. మాపు, మాపు అని నోరు నొప్పెట్టీలాగ సెప్పినాను. ఈ బాబుకీ తెలు..."

"అదే సార్, అంతా రాయించేశాం," అన్నాడు సుదీప్ మధ్యలో అందుకుని. సన్యాసమ్మ అతని వైపు చూసి నోరు మూసుకుంది.

జానకిరామ్ మెల్లగా లేచి నిలబడ్డాడు. మాపు! హిందీ చెవికి మాఫ్! సాయంత్రం వచ్చానని ఆవిడ రాత్రంతా మొత్తుకుంటే, క్షమించమని కాళ్ళ మీద పడుతున్నట్టు రాసుకున్నారు. తనని కాపాడే టైము ఆ ఒక్క మాటలో ఉంటే, అదే ఆవిడ మెడకి చుట్టుకుంది.

"సుదీప్ గారూ, మాపు అంటే ఏమిటి?"

"మాఫీయే కదండీ? జంషెడ్‌పూర్ తెలుగు, సగం హిందీయే."

"మాపటేల అంటే సాయంత్రం. మీ పెద్దవాళ్ళు ఎప్పుడూ అనలేదా?"

సుదీప్ కళ్ళు పెద్దవి చేశాడు. "అయ్యో, నాకా మాటే తెలీదండీ. నేను ఇక్కడే పర్సుడీహ్‌లో పుట్టాను, హిందీ స్కూల్లో చదివాను. ఇంట్లో సాయంత్రం అనే అంటాం. పొరపాటైపోయిందేమో!"

పొరపాటే కావచ్చు. ఇక్కడ పుట్టినవాళ్ళకి సగం మాటలు రావు. మనోజ్ఞనే చూడు, ఇంజినీరు గారమ్మాయి, తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. "మాపు అంటే శామ్ అంకుల్? మైనే తో కభీ సునా హీ నహీ," అంటోంది ఇప్పుడు కూడా, ఆ మాట ఎప్పుడూ విననే లేదని.

పది నిమిషాలు అయిపోయాయి. బయటికి వస్తుంటే సన్యాసమ్మ వెనక నుంచి పిలిచింది. "బాబూ, జడ్జీగోరు ఏటడిగినా అవునంటే ఇంటికంపేత్తారంట కదా? నిజమేనా?"

జానకిరామ్ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "ఎవరు చెప్పారు నీకు?"

ఆవిడ కళ్ళు సుదీప్ వైపు తిరిగాయి. కానిస్టేబుల్ తలుపు వేసేశాడు.

బయట వరండాలో జానకిరామ్ గబగబా చెప్పాడు. "మనోజ్ఞా, టైము పదకొండు నలభై. ఆవిడ మధ్యాహ్నాలు సాక్చిలో ఏదో బట్టల షాపులో ఊడుస్తుందన్నావు. అక్కడ హాజరు పట్టీ ఉంటుంది. తీసుకురా. ఈ రెండు మాటలు మాత్రం బుర్రలో పెట్టుకో. పాపం అంటే అయ్యో అని. మాపు అంటే సాయంత్రం."

"పాపం, మాపు," అని స్కూలు పిల్లలా అప్పజెప్పి మనోజ్ఞ ఆటో ఎక్కింది.

సంఘం భవనం వెనక రేకుల గదిలో సన్యాసమ్మ ఉండేది. జానకిరామ్ వెళ్ళేసరికి ఆ గదికి కొత్త తాళం వేలాడుతోంది. ఆవిడ ట్రంకు పెట్టె, రెండు గిన్నెలు, దుప్పటి రోడ్డు పక్కన పడేసి ఉన్నాయి. కమిటీ వాళ్ళు పొద్దున్నే గది ఖాళీ చేయించారట. కేసు ఇంకా కోర్టు గడప తొక్కలేదు, శిక్ష మాత్రం టిఫిన్ల వేళకే అమలైపోయింది. గిన్నెలు రెండూ ట్రంకులో పెట్టి, దుప్పటి మడిచి మీద వేసి, జానకిరామ్ మేడ మెట్లెక్కాడు.

కాపలా కానిస్టేబుల్ తలుపు తీశాడు. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కిటికీ. శవం ఉన్న చోట సుద్దముక్క గీత. బల్ల మీద ఓట్ల పెట్టె ఇంకా అలాగే ఉంది!

"దీన్ని స్వాధీనం చేసుకోలేదా?"

"హత్యకీ పెట్టెకీ సంబంధం లేదన్నారు సాబ్. సాయంత్రం సెక్రెటరీ బాబు ఓట్లు లెక్కపెట్టుకుంటారట."

జానకిరామ్ లోపల్లోపల పళ్ళు నూరుకుని, నేల మీద మోకాళ్ళు ఆనించాడు. బల్ల కాలి దగ్గర నెత్తుటి చుక్కలు ఐదారు, ఎండి నల్లబడ్డాయి. వాటి మధ్య తెల్లటి మచ్చలు. వేలు పెట్టలేదు. టార్చి వేసి చూశాడు. కొవ్వొత్తి మైనం. మూడు చుక్కలు నేల మీద విడిగా పడ్డాయి. నాలుగో చుక్క మాత్రం నెత్తురు మీద పడింది. మైనం కింద నుంచి నల్లటి గుండ్రం పలచగా కనిపిస్తోంది.

కొలత కోసం పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోనులో ఆరు ఫొటోలు తీశాడు. మైనం నెత్తురు కింద లేదు, పైన ఉంది. ముందు నెత్తురు పడింది, తర్వాతే ఎవరో కొవ్వొత్తి వెలిగించారు. మాస్టారు చచ్చి పడి ఉంటే, ఆయన పక్కన నిలబడి కొవ్వొత్తి ఎందుకు వెలిగించాలి?

పెట్టె వైపు చూశాడు. లక్క కరగాలంటే మంట కావాలి.

"ఇక్కడేం చేస్తున్నారు?" గుమ్మంలో అమర్. ఒంటిగంట ఇరవై అయింది.

"మీరు చేయాల్సిన పని. రండి, కిందకి వంగండి. యూనిఫాం నలిగితే నేనే ఇస్త్రీ చేయిస్తాను."

అమర్ విసుక్కుంటూనే వంగి చూశాడు. "కరెంటు పోయి ఉంటుంది. కొవ్వొత్తి వెలిగించుకున్నాడు."

"ఎవరు?"

"మాస్టారు."

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం..." అమర్ ఆగాడు.

"పట్టపగలు, కిటికీ తెరిచి ఉండగా, తన తల పగిలి నెత్తురు నేల మీద పడ్డాక, లేచి కొవ్వొత్తి వెలిగించి, మళ్ళీ పడుకుని చచ్చిపోయాడు. అంతేనా సార్?"

"వెటకారాలొద్దు."

"పెట్టెకి కింద హాల్లో అందరి ముందు సీలు వేశారు. ఈ గదిలో కొవ్వొత్తికి పనే లేదు. ఎవరో పెట్టె తెరిచి, ఓట్లు మార్చి, మళ్ళీ లక్క పోశారు. మాస్టారు అడ్డుపడ్డాడు. సన్యాసమ్మకి ఓట్లు మార్చి ఏం లాభం చెప్పండి! ప్రెసిడెంటు అవుతుందా?"

జానకిరామ్ ఫోను మోగింది. మనోజ్ఞ ఫొటో పంపింది. బట్టల షాపులో వేలిముద్ర యంత్రం తీసిన చీటీ. సన్యాసమ్మ, ఆదివారం, లోపలికి పన్నెండు యాభై ఎనిమిది, బయటికి ఐదు ముప్ఫై ఆరు. అమర్ మొహం ముందు పెట్టాడు.

అమర్ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. "వేరే ఎవరైనా వేలు పెట్టి ఉండొచ్చు."

"సన్యాసమ్మ బొటనవేలు సన్యాసమ్మ దగ్గరే ఉంటుంది సార్! దాన్ని ఎవరూ అరువిచ్చుకోరు!"

"ఆవిడ ఒప్పుకుంది!" అమర్ గొంతు పెంచాడు. "బయట జనం గోల చేస్తున్నారు. ఈ రోజు కేసు తేలకపోతే రేపు నా సీటుండదు. జనానికి న్యాయం కావాలి."

"జనానికి కావలసింది ఎవరో ఒకరు. మీరు ఎవరో ఒకర్ని ఇస్తున్నారు. దాన్ని న్యాయమనకండి, నా కడుపు మండుతోంది." జానకిరామ్ పెట్టె వైపు వేలు చూపించాడు. "నాగేంద్రబాబు మాస్టారు ఈ దిక్కుమాలిన ఎన్నికల కోసం తొమ్మిదేళ్ళు తిరిగాడు. ఊడ్చే మనిషికీ ఒక ఓటే, ఇంజినీరుకీ ఒక ఓటేనని కొట్లాడాడు. ఓటేయడానికి వాళ్ళిద్దరూ ఒకటే అయితే, స్టేషన్లో కూడా ఒకటే కావాలి కదా! సుదీప్‌ని అనుమానిస్తే రాత్రంతా నేల మీద కూర్చోబెట్టేవారా మీరు? ఆయన మాట ఆయనకే వదిలేస్తారు. ఆవిడ మాట మాత్రం ఇంకొకడు చెప్తాడు."

అమర్ టోపీ తీసి చేత్తో తిప్పుతూ పెట్టె వైపు చూశాడు. "కానిస్టేబుల్, దీన్ని స్వాధీనం చేసుకో. ఎవర్నీ ముట్టుకోనివ్వకు," అని, జానకిరామ్ వైపు చూడకుండానే అన్నాడు. "మూడింటికి మాత్రం హాజరు పరచక తప్పదు. మేజిస్ట్రేట్ ముందు ఆవిడ ఏం చెప్తే అదే."

ఆవిడ ఏం చెప్తుందో జానకిరామ్‌కి తెలుసు. ముందే హెచ్చరిద్దామన్నా మళ్ళీ కలవనివ్వరు. ఏమడిగినా అవునంటుంది. ఇంటికి పోవచ్చనుకుంటుంది. ఒక్క అవును చాలు, ఇక ఆవిడ బతుకు జైల్లోనే తెల్లారుతుంది. వేలిముద్ర యంత్రం, మైనం చుక్క, అన్నీ ఏ నాలుగేళ్ళ తర్వాతో విచారణలో చూసుకోవాలి.

మూడు గంటలకి కోర్టు. మేజిస్ట్రేట్ గారు నడివయసావిడ, ముక్కుమీద కళ్ళజోడు. పోలీసులందరినీ బయటికి పొమ్మంది. సుదీప్ కాక వేరే దుబాసీ కావాలని మనోజ్ఞ అర్జీ పెట్టింది. "ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణుంచి తెస్తాను? ఉన్నాయనతో కానిద్దాం. మీరూ తెలుగువాళ్ళే కదా, తప్పుంటే చెప్పండి," అందామె. మనోజ్ఞ తెలుగు సంగతి సుదీప్‌కి పొద్దునే తెలిసిపోయింది. అతని మొహంలో కంగారేమీ లేదు.

జానకిరామ్‌ని లోపలికి రానివ్వలేదు. ఛాంబరు బయట బెంచీ మీద, సగం తెరిచిన తలుపు పక్కనే చతికిలబడ్డాడు. ఎదురుగా గోడకానుకుని అమర్. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

మేజిస్ట్రేట్ గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. హిందీలో వరసగా చెప్పింది. నువ్వు ఒప్పుకోవాల్సిన అవసరం లేదమ్మా. ఒప్పుకుంటే అది నీ మీదే సాక్ష్యమవుతుంది. పోలీసులంటే భయపడకు, ఒప్పుకోకపోయినా నిన్ను మళ్ళీ వాళ్ళ చేతికివ్వను. అరనిమిషం పట్టింది ఆమెకి.

సుదీప్ గొంతు: "జడ్జిగారు భయపడొద్దంటున్నారు."

అంతే! అరనిమిషం చట్టాన్ని రెండు ముక్కల్లో మింగేశాడు. జానకిరామ్ పిడికిళ్ళు బిగించాడు. లోపలికి దూకితే తననే కటకటాల్లో వేస్తారు.

"అడగండి," అంది మేజిస్ట్రేట్. "నాగేంద్రబాబుని ఆమె కడ్డీతో కొట్టిందా?"

సుదీప్ గొంతు తగ్గింది, మెత్తబడింది. "అప్పా, మాపటేల మేడమీదకి ముందు నువ్వే ఎల్లినావు కదా?"

"అవును బాబూ."

"అవునంటోంది మేడమ్."

జానకిరామ్ ఒక్క ఉదుటున లేచాడు. సెంట్రీ భుజం పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు లోపలి నుంచి ఇంకో గొంతు వినిపించింది, సన్నగా, వణుకుతూ.

"మేడమ్, ఒక్క నిమిషం. ఈయన మాపటేల అన్నారు. ఆ మాటకి అర్థం సాయంత్రం. పొద్దున స్టేషన్లో ఆ మాటే తనకి తెలీదన్నారు. కడ్డీ అన్న మాట, కొట్టడం అన్న మాట ఈయన ప్రశ్నలో నాకు వినపడనే లేదు."

శభాష్ పిల్లా! జానకిరామ్ కళ్ళు చెమర్చాయి. రెండు మాటలు నేర్పితే ఆ రెంటితోనే పట్టేసింది.

వెంటనే మేజిస్ట్రేట్ గొంతు, ఈసారి కరుకుగా. "బయట తెలుగు, హిందీ రెండూ బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నాను మేడమ్," అంటూనే జానకిరామ్ తలుపు తోశాడు.

అతని చేత ప్రమాణం చేయించారు. సుదీప్‌ని కదలకుండా అక్కడే నిలబడమన్నారు. జానకిరామ్ మేజిస్ట్రేట్ చెప్పినవన్నీ, ఒక్కటీ వదలకుండా, సన్యాసమ్మకి ఆవిడ భాషలో చెప్పాడు. ఒప్పుకోనక్కర్లేదని చెప్పాడు. పోలీసులకి మళ్ళీ అప్పగించరని చెప్పాడు. ఆవిడ నోరు తెరుచుకుని వింది. ఇలాంటిది ఒకటుందని ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఇప్పుడు చెప్పప్పా. మాస్టారిని నువ్వు కొట్టావా?"

"నేదు బాబూ! ఎన్నిసార్లు సెప్పాల?" సన్యాసమ్మకి ఏడుపు కాదు, కోపమొచ్చింది. "సాక్చిలో పని సేసుకుని మాపటేల ఇంటికొత్తన్నాను. ఈ బాబు మెట్లు దిగుతా ఎదురొచ్చినాడు, సంకలో మూటెట్టుకుని. మాస్టారు తొంగున్నారు, లేపకు అన్నాడు. సరేలే, ముసిలాయన అలిసిపోనాడని నాను లేపనేదు. కింద కూకున్నాను. అరగంటైనాక టీ అట్టుకెల్తే, పాపం, అలాగ పడున్నాడు."

ఆ మూట, పెట్టెలోంచి తీసేసిన అసలు ఓట్లేనని జానకిరామ్‌కి అర్థమైంది. సుదీప్ చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఈ మాట పోలీసులకి ఎందుకు చెప్పలేదప్పా?"

"సెప్పకపోడవేటి బాబూ!" ఆవిడ వేలు పెట్టి సుదీప్‌ని చూపించింది. "ఈ బాబుకే సెప్పినాను కదా, ఆల్లకి సెప్పమని."

జానకిరామ్ ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట మింగకుండా హిందీలో చెప్పాడు. మేజిస్ట్రేట్ కలం ఆగింది. ఆమె తలుపు వైపు చూసి, "ఇన్‌స్పెక్టర్, డాక్టర్ ఏ టైము చెప్పాడు?" అంది.

"రెండుకీ నాలుగుకీ మధ్య మేడమ్," అన్నాడు అమర్ గుమ్మంలోకి వచ్చి.

"అంటే ఆరింటికి ఈయన మెట్లు దిగేసరికి ఆయన పోయి కనీసం రెండు గంటలు."

సుదీప్ రెండడుగులు వెనక్కి వేశాడు. "ఈమెకి మతి చెడింది మేడమ్, నేను ఇంట్లో..." అంటూనే గిర్రున తిరిగి గుమ్మం వైపు నడిచాడు.

గుమ్మం మధ్యలో అమర్ నిలబడి ఉన్నాడు. పక్కకి జరగలేదు.